శకునపక్షిలో పక్షులెన్ని?

సందేహం: మా బడిలో ఒక పిల్లవాడు తోటివాణ్ని 'శకునపక్షి' అని తిట్టాడు. సంస్కృతంలో 'శకున' అంటేనే పక్షి కాబట్టి ఆ మాట పునరుక్తి (చెప్పిందే మళ్లీ చెప్పడం) అవుతుందని, తప్పని తోటి ఉపాధ్యాయులొకరు అంటున్నారు. నిజమేనా? 'అపశకునం', 'దుశ్శకునం' రెండింటిలో ఏది సాధువు? (ఒక తెలుగు ఉపాధ్యాయిని)

సమాధానం: రెండో ప్రశ్న ముందు తేల్చేద్దాం. రెండూ సాధువులే, అంటే సరైన రూపాలే. 'దుశకునం' అని ఒంటి శకారంతో రాయడం మాత్రం తప్పు.

మొదటి ప్రశ్నకు కాస్త దూరం నడవాలి. మీ సహోపాధ్యాయుల ఆధారం గట్టిదే. 'అమరకోశం' అనే సంస్కృత నిఘంటువులో అమరసింహుడు పక్షి పర్యాయపదాలు చెబుతూ 'శకుంతి పక్షి శకుని శకుంత శకున ద్విజాః' అని పక్షినీ శకునాన్నీ ఒకే వరుసలో కూర్చోబెట్టాడు. ధాతువుల నుంచి మాటలు ఎలా పుట్టాయో చెప్పే ఉణాది సూత్రాల్లో ఒకటి 'శక్' ధాతువు నుంచే శకున, శకుంత, శకుంతి, శకుని అనే నాలుగు రూపాలనూ సాధిస్తుంది. అడవిలో పసికందును శకుంతాలు కాపాడాయి కనుకనే కణ్వుడు ఆమెకు శకుంతల అని పేరు పెట్టాడు. గాంధారి సోదరుడు శకుని పేరుకూ అర్థం పక్షే.

మరి పక్షి పేరు రాబోయేదాన్ని తెలిపే గుర్తుకు ఎలా వచ్చింది? ఋగ్వేదం రెండో మండలంలో 42, 43 సూక్తాలు తీసి చూడండి. గృత్సమద ఋషి ఒక పిట్టను పలకరిస్తాడు. అది కపింజల రూపంలో వచ్చిన ఇంద్రుడేనని సంప్రదాయం. 'నిన్ను డేగ చంపకుండుగాక, గద్ద చంపకుండుగాక, విలుకాడి బాణం నిన్ను చేరకుండుగాక' అని ముందు దాని క్షేమం కోరతాడు. ఆ తరువాతే మా ఇళ్లకు దక్షిణాన నిలిచి పలకమంటాడు. యజ్ఞంలో ఉద్గాత సామం పాడినట్టు నువ్వు పాడుతున్నావని మెచ్చుకుంటాడు. ఆ పిట్టకు ఆయన ఇచ్చిన విశేషణాలు రెండు: 'సుమంగళ', 'భద్రవాది'. మంచి పలికేది అని. ఇవాళ మనం శకునపక్షి అంటున్నది ఎవరిని? నోరు విప్పితే చెడు పలికేవాణ్ని! వేదం భద్రవాది అన్నదాన్ని మనం తిట్టుగా మార్చుకున్నాం. నన్ను బాధించేది ఇదే, పునరుక్తి కాదు.

పక్షి పేరే శకునానికి పేరు కావడం మన ఒక్కరి సొత్తూ కాదు. గ్రీకులో 'ఓయోనోస్' అంటే పెద్ద పక్షి, శకునం కూడా. క్రీస్తుకు పూర్వం 414లో ఏథెన్సులో ప్రదర్శించిన 'పక్షులు' నాటకంలో గ్రీకు నాటకకర్త అరిస్టోఫనీసు ఇవే రెండర్థాలున్న 'ఓర్నిస్' అనే మరో మాటతో ఆడుకున్నాడు. అందులో పక్షులు మనుషులతో అంటాయి: మీకు తుమ్ము పక్షే, ఎదురొచ్చిన నౌకరు పక్షే, గాడిదా పక్షే! లాటిన్లో 'అవిస్' అంటే పక్షి. దానికి చూడటమనే ధాతువు చేరి 'ఆస్పికియుమ్' అయింది. ఇంగ్లీషువారు శుభానికి వాడే 'ఆస్పీషస్' దాని సంతానమే. రోములో శకునాలు చూసే అధికారి వంకీకర్రతో ఆకాశంలో హద్దులు గీసి, ఆ హద్దుల్లో ఏ పక్షి ఎటు ఎగిరిందో చూసేవాడు. కొన్ని పక్షులకు కూత ముఖ్యం, కొన్నిటికి ఎగరడం. యుద్ధానికి వెళ్లేటప్పుడు కోళ్లను వెంట తీసుకుపోయేవారు. అవి గింజలు ఆత్రంగా తిని ముక్కు నుంచి జారవిడిస్తే జయం. ఎడమవైపు శకునం రోమనులకు మంచిది, గ్రీకులకు కుడివైపుది మంచిది. ఇదెలా కుదురుతుందని అడిగినవాడు రోమన్ వక్త సిసిరో. ఆయన స్వయంగా ఆ శకునాధికారుల్లో ఒకడు.

బోర్నియోలోని సరవాక్ ప్రాంతపు ఇబాన్ ప్రజల సంగతి ఇంకా ముచ్చటైనది. వారి భాషలో 'బురోంగ్' అంటే పక్షి, శకునం కూడా. పొలానికి అడవి నరికే ముందు, ఇల్లు కట్టే ముందు ఏ పిట్ట ఏ పక్కన కూసిందో చెవి ఒగ్గి వింటారు. ఆ పిట్టలు తమ దేవుడు సింగాలాంగ్ బురోంగ్‌కు అల్లుళ్లని, ఆ దేవుడు గద్ద రూపంలో కనిపిస్తాడని వారి నమ్మకం. ఆ గద్ద ఏదనుకున్నారు? మనవాళ్లు ప్రయాణానికి ముందు దర్శనం కోరుకునే గరుడపక్షే!

ఇక తెలుగులో శకునం పిట్టను ఎప్పుడో వదిలేసింది. 'శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు' అనే సామెతలో శకునం చెప్పేది బల్లి. తుమ్మూ శకునమే, పిల్లి అడ్డురావడమూ శకునమే. అరిస్టోఫనీసు పక్షులు చెప్పిందే మన దగ్గరా జరిగింది. అయినా పిట్ట పూర్తిగా ఎగిరిపోలేదు. దసరా నాడు పాలపిట్టను చూసి దండం పెట్టుకోవడం శకునమే, అది మంచి శకునం. రాత్రిపూట తీతువు కూతకు భయపడటం రెండో వైపు.

తీతువు అనగానే నాకు ప్రాణమైన పాత తెలుగు కావ్యం 'క్రీడాభిరామం' గుర్తొస్తుంది. ఓరుగల్లు వీధులు తిరిగే ఇద్దరు మిత్రుల్లో ఒకరు గోవింద మంచనశర్మ, రెండోవాడు టిట్టిభసెట్టి. టిట్టిభమంటే తీతువు! చెవిలో పడితే జనం గుండెలు పట్టుకునే పిట్ట పేరు పెట్టుకున్నవాణ్ని వెంటబెట్టుకుని మంచనశర్మ నగరమంతా హాయిగా తిరుగుతాడు. ప్రయాణానికి ఏది చూసుకోవాలో ఆ కావ్యంలోనే ఒక పద్యం చెబుతుంది: గార్గ్యుడి మతం తెల్లవారుజాము, బృహస్పతి మతం శకునం, వ్యాసుడి మతం మనసు ప్రసన్నంగా ఉండటం. ఇన్ని మతాలను నాలుగు పాదాల్లో ఇంత తేటగా ఇమిడ్చిన తెలుగు పద్యం మీ తరగతిలో ఒక్కసారైనా వినిపించాలి.

ఇప్పుడు మీ సందేహం. సంస్కృతంలో పక్షి అనే అర్థంలో 'శకునః' పుంలింగం, నిమిత్తం (రాబోయేదాని గుర్తు) అనే అర్థంలో 'శకునం' నపుంసకం. శకునపక్షిలో ఉన్నది రెండోదని, 'శకునం తెలిపే పక్షి' అని సమాసాన్ని విడదీసి చెప్పుకుంటే పునరుక్తి లేదు. సమాసంలో లింగం పైకి కనపడదు గనుక మీ సహోపాధ్యాయులు ఒప్పుకోకపోవచ్చు. వారి పట్టుదలనూ నేను తప్పు పట్టను. కానీ తెలుగులో శకునానికి పక్షి అనే అర్థం నిఘంటువులోనే మిగిలింది, కాబట్టి నా మొగ్గు ఆ మాటను నిలబెట్టడం వైపే.

తప్పు పట్టవలసింది వేరే ఉంది. పత్రికలవారు మంచి జరగబోతుంటే 'శుభ సంకేతాలు' అంటారు, చెడు జరగబోతుంటేనే వారికి శకునం గుర్తొస్తుంది. 'శకునం పలకకు' అంటే చెడు పలకకు అనే అర్థం ఇళ్లలోనూ స్థిరపడుతోంది. సంకేతమంటే ఇద్దరు ముందుగా అనుకుని పెట్టుకున్న గుర్తు. వానమబ్బు రైతుతో ఏమీ అనుకోలేదు, అది శుభశకునం. అలాగే రాయండి, పిల్లలచేత అలాగే రాయించండి.