సేబర్ రెక్కను 1953 కొరియాకు సరిచేయడం

మీ 1/48 స్కేల్ ప్లాస్టిక్ మోడల్ ఎఫ్-86ఎఫ్ సేబర్ (అమెరికా జెట్ యుద్ధవిమానం) రెక్కలు 1953 నాటి కొరియా యుద్ధం ఫోటోల కన్నా పొడవుగా ఉన్నాయని, ముందంచున స్లాట్లు (ముందుకు జారే సన్నని పలకలు) కూడా ఉన్నాయని రాశారు కదా. మీరు గమనించింది నిజమే. అది తర్వాత వచ్చిన ఎఫ్-40 (ఎఫ్-86ఎఫ్-40 రకం) రెక్క. దాని కొనలు ఒక్కోవైపు 12 అంగుళాలు ఎక్కువ. మీ స్కేల్‌లో అది 6.35 మి.మీ.

ముందు టేప్ వేసి గీత గీసుకుని, సన్న రంపంతో నెమ్మదిగా కోయండి. కోసిన కొనను మళ్లీ అతికించకండి, వెడల్పు కలవదు. రెక్క అంచునే కొత్తగా అరగదీసి వంపు తేవాలి. ఇక్కడ ఎంత ఓపిక పెడితే అంత అందం, తొందర వద్దు.

స్లాట్ గీతల్ని పుట్టీతో పూడ్చి, ప్రైమర్ కొట్టి చూడండి. ముందంచు వెడల్పును మాత్రం ముట్టుకోవద్దు. 1952లో కొరియాకు వచ్చిన, స్లాట్లు లేని ‘6-3’ రెక్కలో విమానం ఒంటికి కలిసే చోట 6, కొనలో 3 అంగుళాలు వెడల్పు పెంచారు, ఎఫ్-40 కూడా అదే కొలత. ‘6-3’ రెక్క పైన చిన్న ఫెన్స్ (నిలువుగా నిలిచే సన్న పలక) ఉంటుంది, పల్చని ప్లాస్టిక్ షీట్ చాలు.

ఒక్క మాట: తొలి ఎఫ్-86ఎఫ్‌లు స్లాట్లున్న పాత సన్న రెక్కతోనే వచ్చాయి. అందుకే రంపం పట్టేముందు మీరు ఎంచుకున్న విమానం ఫోటో, తేదీ తప్పక చూడండి.