లైబ్రరీ నెట్‌వర్క్‌లు పుస్తకాలు పంచుకోవాలంటే ఏ ప్రమాణాలు కుదుర్చుకోవాలి?

ముందు కేటలాగ్. ఒకే పుస్తకాన్ని రెండు చోట్ల రెండు రకాలుగా నమోదు చేస్తే, పక్క లైబ్రరీలో ఉన్నా పాఠకుడికి కనబడదు. అందుకే మార్క్ 21 లాంటి ఉమ్మడి రికార్డు పద్ధతి అవసరం. పుస్తకం అడగడం, పంపడం, తిరిగి చేరడం వంటి సందేశాలు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి అర్థమయ్యేలా వెళ్లడానికి 2014లో ఐఎస్ఓ 18626 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది.

అసలు చిక్కు మాత్రం ఒప్పందం దగ్గరే వస్తుంది. ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి, పోస్టు ఖర్చు ఎవరిది, పుస్తకం పోతే ఎవరు కట్టాలి? ఇవన్నీ ముందే రాసుకోవాలి. పుస్తకం బయలుదేరినప్పటి నుంచి తిరిగి చేరేదాకా తెప్పించుకున్న లైబ్రరీదే బాధ్యత అంటాయి లైబ్రరీ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా సూత్రాలు. నాకు అదే న్యాయం అనిపిస్తుంది, ఇచ్చేవాళ్లకు ఆ ధైర్యం ఉండాలి కదా. ఈ-పుస్తకాలకైతే లైసెన్సు అనుమతిస్తుందో లేదో చూసుకోవాలి.