పెట్టె పారేశాం, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల పాపకు సీలియాక్ వ్యాధి, గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడదు. 20 నెలల కిందట రావులపాలెంలో ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ముద్రించిన మాల్ట్ పూతరేకుల పెట్టె కొన్నాం. ఆ రాత్రే వాంతులు, విరేచనాలతో ఆసుపత్రిలో చేర్చాం. పెట్టె పారేశాం, ఫోన్‌లో ఫొటోలున్నాయి. మూడు ఉత్తరాలు రాసినా దుకాణం వాళ్లు ‘బియ్యం రేకుల్లో గోధుమ ఎక్కడిది?’ అంటున్నారు. రూ.5 లక్షలు ఇవ్వకుంటే వీడియో పెడతామని చెప్పవచ్చా?
– ఒక తల్లి, కోనసీమ

జవాబు: అమ్మా, ఈ కేసు తేలేది పెట్టె వెనకవైపు ఫొటో మీద. అది ఉందో లేదో ముందు చూడండి.

రేకు బియ్యంపిండిదే, అందులో వాళ్లన్నది నిజం. సందేహమంతా లోపల చల్లే మాల్ట్ పొడి మీద. రాగి మాల్ట్ అయితే మీకు బలం తక్కువ, రాగిలో గ్లూటెన్ ఉండదు. పదార్థాల వరుసలో బార్లీ మాల్ట్ అనో, గోధుమ అనో ఉంటే మాత్రం ముందువైపు ‘గ్లూటెన్ ఫ్రీ’ మాటను వెనకవైపే కొట్టేస్తుంది. ఆ మాట వాడాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. అలాంటి ధాన్యాలుంటే ఆ సంగతి విడిగా ప్రకటించాలని 2020 లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి.

పాప అనారోగ్యం మీదే కేసు నిలబెట్టకండి. డిశ్చార్జి కాగితం వాంతులయ్యాయని చెబుతుంది, దేనివల్లో చెప్పదు. సీలియాక్‌ను పట్టే టీటీజీ రక్తపరీక్షలో విలువ ఒక్క పూట తిన్నదానికి పెరగకపోవచ్చు. తప్పుడు లేబుల్‌ను మొదటి ఆరోపణగా, వైద్య ఖర్చును దాని వెనక పెట్టండి.

సీలియాక్ ఉన్న బిడ్డ ఇంట్లో పెట్టె పారేయడం, ఆపైన ఉత్తరాలతో కాలం గడపడం రెండూ తప్పే. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 కింద గడువు రెండేళ్లు. ఉత్తరాలు రాసినంత మాత్రాన అది పెరగదు. మీకు మిగిలింది నాలుగు నెలలు.

వీడియో బెదిరింపు వద్దే వద్దు. డబ్బివ్వకుంటే పరువు తీస్తామనడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద బలవంతపు వసూలు కేసుకు దారితీయవచ్చు. అప్పుడు ఫిర్యాదుదారు వాళ్లు, ముద్దాయి మీరు.

మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపే గనక ఫీజు లేదు. దుకాణదారునీ, తయారీదారునీ ఇద్దరినీ చేర్చండి. బిల్లు లేకపోతే యూపీఐ చెల్లింపు వివరం, పాపకు వ్యాధి నిర్ధారించిన పాత రిపోర్టు, డిశ్చార్జి కాగితం, ఉత్తరాల పోస్టల్ రసీదులు జతచేయండి. ఫొటోలు తీసిన ఫోన్ మార్చకండి, అసలు ఫైళ్లు చెరపకండి. వాటికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ధ్రువపత్రం (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసేది) పెట్టండి.

అదే లేబుల్‌తో ఇప్పటికీ అమ్ముతుంటే ఒక పెట్టె బిల్లుతో కొనండి. కొనేటప్పుడే ‘పరీక్షకు పంపుతాను’ అని దుకాణదారుకు చెప్పాలి, ఆహార భద్రత చట్టం సెక్షన్ 40 పెట్టిన షరతు ఇది. వెంట ఒక సాక్షి ఉంటే మంచిది. సీలు విప్పకుండా, ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుకు (ఆహారాన్ని పరీక్షించేందుకు ప్రభుత్వం నియమించిన నిపుణుడికి) ఇవ్వండి. ఇంట్లో విప్పి ప్రైవేటు ల్యాబుకు పంపితే, మీ వంటింటి పుల్కా పిండి అంటిందని అవతలి వకీలు ఒక్క మాటతో రిపోర్టును పక్కన పెట్టిస్తాడు.