అది పాకింది కాదు, వేరే గడ్డ

అన్నా, నాన్నగారికి పొట్ట క్యాన్సర్ ఆపరేషన్ చేస్తే, తీసిన ముక్కలో 1 సెం.మీ. జిస్ట్ (GIST) అనే వేరే రకం గడ్డ కూడా ఉందని రిపోర్టు వచ్చేసరికి క్యాన్సర్ పాకిందేమోనని టెన్షన్ పడుతున్నారు కదా. పాకడం కాదది. మామూలు పొట్ట క్యాన్సర్ లోపలి పొరలో పుడుతుంది, జిస్ట్ ఏమో గోడ కండరాల మధ్య ఉండి పేగుల కదలికను నడిపే కణాల జాతిది; ఇలా వేరే ఆపరేషన్‌లో అనుకోకుండా బయటపడటం డాక్టర్లకి కొత్తేం కాదు.

రిపోర్టులో సీడీ117, డాగ్1 (జిస్ట్‌ని గుర్తుపట్టే పరీక్షలు) పాజిటివ్ అని ఉందా, మైటోటిక్ కౌంట్ (విభజన చెందుతున్న కణాల లెక్క) ఎంత, అవి చూడండి. పొట్టలో 2 సెం.మీ. లోపుండి కౌంట్ 5 చ.మి.మీ.కి 5 దాటకపోతే, పూర్తిగా తీసేశాక దానికోసం ఇమాటినిబ్ (జిస్ట్‌కి వాడే మందు) మాత్రలు మామూలుగా అవసరం పడవు. కీమో సంగతి అసలు క్యాన్సర్ స్టేజీని బట్టే, డాక్టర్ని అడగాల్సింది అదే. ఇంకా అనుమానముంటే ఆ ముక్క స్లైడ్లు, బ్లాకులు (ల్యాబ్‌లో దాచిన నమూనాలు) అడిగి తీసుకుని హైదరాబాద్‌లో రెడ్ హిల్స్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోనో నిమ్స్‌లోనో చూపించండి.