సంచిక రాస్తున్న తమ్ముడికి

సిరొంచ

తమ్ముడూ,

పాలమూరు వైపు మిషన్ బడిలో చదివిన మీ నాన్నగారి 1976 పదో తరగతి బ్యాచ్ ధర్మాబాద్‌లో యాభై ఏళ్ల ఆత్మీయ సమ్మేళనం పెట్టుకుందనీ, సంచికలో ముందు వ్యాసం నిన్ను రాయమన్నారనీ తెలిసింది. నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. “మధుర స్మృతులను నెమరువేసుకుని, గురువులను శాలువాలతో సత్కరించి” అన్న వాక్యం కొట్టెయ్. ఊరి పేరు మారిస్తే అది ఏ బడికైనా అతుకుతుంది. పాలమూరు వైపు మిషన్ హాస్టల్లో ఉండి చదివినవాళ్ల దగ్గరికి వెళ్లి “అప్పట్లో ఎట్లా ఉండేది?” అని అడగకు. “చాలా బాగుండేది” అని ఊరుకుంటారు. “ట్రంకు పెట్టెలో ఏం పట్టుకెళ్లారు? కంచం ఎవరు తోమేవాళ్లు?” అని అడుగు. అక్కణ్నుంచి వాళ్లే చెప్పుకుపోతారు.

“అమెరికా దొరలు పెట్టిన బడి” అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ దొరలు మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖవాళ్లు. మెన్నోనైట్ అంటే ఏమిటో చెప్పొద్దూ? మెన్నో సైమన్స్ డచ్చి దేశపు క్యాథలిక్ ఫాదర్, 1536లో ఆ చర్చి వదిలేశాడు. ఆయన పేరు మీదే ఈ శాఖ. పసిపిల్లలకి కాక, తెలిసి నమ్మినవాళ్లకే బాప్తిస్మం ఇవ్వడం, ఆయుధం పట్టకపోవడం ఆ శాఖకి గుర్తులు. అమెరికావాళ్ల కంటే ముందే రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ అబ్రహాం ఫ్రీసెన్ నల్గొండలో బాప్టిస్టు మిషన్ కింద పనిచేశాడు. అమెరికా మెన్నోనైట్ బ్రెదరిన్ వాళ్లు 1899లో వచ్చారు. మనవాళ్లు ఎం.బి. అనేది వీళ్లనే. ఛత్తీస్‌గఢ్‌లోని ధమ్తరిలో మెన్నోనైట్ మిషన్ మొదలైందీ 1899లోనే, కానీ అది వేరే శాఖ. ఫోన్‌లో వెతికితే రెండూ కలిసే వస్తాయి. ధమ్తరి ఫొటో తెచ్చి పాలమూరు పేరుతో వేశావంటే, హాస్టల్ వరండా స్తంభాలు గుర్తున్న అరవై ఆరేళ్ల పెద్దమనిషి మొదటి పేజీలోనే పట్టేస్తాడు.

గ్రూప్ ఫొటోని గోడ మీద ఉండగానే ఫోన్‌తో తీయకు. అద్దంలో నీ చెయ్యి, ట్యూబ్‌లైటు పడతాయి. ఫ్రేము వెనక మేకులు ఊడదీసి 600 డీపీఐలో స్కాన్ చేయించు. ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటే మాత్రం లాగకు, కాగితం మీది బొమ్మ ఊడొస్తుంది. అప్పుడు అద్దంతోనే స్కాన్ చెయ్. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపు, మామూలుగా పంపితే ముఖాలు అలుక్కుపోతాయి. అట్ట మీద “కూర్చున్నవారు, ఎడమ నుంచి కుడికి” అని అచ్చయిన పేర్లనీ నమ్మేయకు. ఒక ప్రింటు తీసి, ఒక్కో ముఖం మీద అంకె వేసి, ముగ్గురికి విడివిడిగా చూపించు. ముగ్గురినీ ఒకేచోట కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవాడి మాటే నెగ్గుతుంది.

పేర్లకి ఆధారం బడి అడ్మిషన్ రిజిస్టరు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకి బడిలోని పేరు ముందు, ఇప్పటిది పక్కన వెయ్యి. పోయినవాళ్ల జాబితా దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకో. ఒక పేరు అందులో చేర్చాలంటే ఇద్దరు చెప్పాలి, ఒకరు ఇంటివాళ్లై ఉండాలి. జాడ తెలియనివాళ్లకి “వివరం అందలేదు” అని వేరే జాబితా పెట్టు. బతికున్న మనిషి పేరు పోయినవాళ్లలో పడితే, తర్వాత వేసే సవరణ చీటీ ఎవరూ చదవరు.

అచ్చు సంగతి. నాందేడ్‌లో డీటీపీ చేసే కుర్రాడికి మరాఠీ వచ్చు, మన ఒత్తులు రావు. యూనికోడ్‌లో కొట్టింది పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో పెడితే ప్రశ్నార్థకాలు అవుతాయి. కొత్తదైన ఇన్‌డిజైన్‌లో కూడా వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే “బాప్తిస్మం”లో ఒత్తులు విడిపోయి పక్కకి పడతాయి. పేజీలన్నీ ఇక్కడే కూర్పించి, ఫాంట్లు లోపల కలిపిన పీడీఎఫ్ ఇవ్వు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున లెక్క రావాలి. నీ వ్యాసం కోసం ముప్పై మూడో పేజీ అడగకు, ఒక పేరా తగ్గించు.

వేదిక మీద అయిదు నిమిషాలు చదవమంటే అయిదు వందల మాటలు దాటకు. పోయినవాళ్ల పేర్లు చదివేముందే చప్పట్లు వద్దని చెప్పు, లేకపోతే మొదటి పేరుకే అలవాటు కొద్దీ ఎవరో మొదలెడతారు.

ముందు పేర్ల జాబితా పంపు. వ్యాసం తర్వాత చూద్దాం.

మీ అన్న