కెప్టెన్ ముల్లా ఓడతో పాటే ఎందుకు ఉండిపోయారు?

మీ అబ్బాయి ఎన్డీయేకి (నేషనల్ డిఫెన్స్ అకాడమీకి) అప్లై చేస్తున్నాడని, మునిగే ఓడను కెప్టెన్ వదలకూడదని నేవీలో రూల్ ఉందేమోనని మీకు టెన్షన్‌గా ఉందని రాశారు. అలాంటి రూల్ ఏమీ లేదండీ. నాది బరంపురం. చిలికాలో ట్రైనింగ్ అయ్యాక సెయిలర్‌గా చేసి రిటైరయ్యాను.

మీరడిగిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా గారు 1948లో నేవీలో ఆఫీసర్‌గా కమిషన్ అందుకున్నారు. మైన్‌స్వీపర్ (సముద్రంలో మందుపాతరలు తొలగించే ఓడ), లండన్‌లో మన హైకమిషన్‌లో పోస్టింగ్, ఐఎన్ఎస్ రాణా అనే యుద్ధనౌక కమాండ్, ఆ తర్వాత ఐఎన్ఎస్ ఖుక్రీ అనే యుద్ధనౌక కమాండ్. పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతున్న 1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూ దగ్గర సముద్రంలో జలాంతర్గామి కోసం వెతుకుతున్న ఖుక్రీకి పాకిస్తాన్ వాళ్ల జలాంతర్గామి హంగోర్ వదిలిన టార్పెడో తగిలింది. నిమిషాల్లో ఓడ మునిగిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు.

ఆ నిమిషాలు ఎలాంటివో ఓడలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ప్రాక్టీసు కోసం మాకు కళ్లకు గంతలు కట్టి, కింది మెస్ డెక్ (సెయిలర్లు ఉండే అంతస్తు) నుంచి పైకి రమ్మనేవారు. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవాల్సినంత ఇరుకు దారి. పైపులు తడుముకుంటూ పోతే చివరికి నిచ్చెన ఇనుపమెట్టు చేతికి తగిలేది. ఓడ రేవులో కట్టేసి ఉన్నా గుండె దడదడలాడేది. ఖుక్రీలో అయితే ఓడ ఒరిగిపోతోంది, నీళ్లు తోసుకొస్తున్నాయి.

అప్పుడు ముల్లా గారు నిబ్బరంగా మనుషుల్ని బయటికి పంపించారు. తన లైఫ్ జాకెట్ ఒక సెయిలర్‌కి ఇచ్చేశారు. ఇంకెవరినైనా కాపాడగలనేమో చూద్దామని మళ్లీ బ్రిడ్జి (ఓడను నడిపించే చోటు) మీదికి వెళ్లారు. ఆయన్ని ఆఖరిసారి చూసింది అక్కడే. ఆయనకు వచ్చిన మహావీర చక్ర పతకం ప్రశస్తిలో ఉన్నదీ ఇదే. ఓడతో పాటు చావాలని ఆయన ఉండిపోలేదు, పని ఇంకా మిగిలే ఉందని వెళ్లారు.

ఇక్కడ గంజాం జిల్లాలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు నన్ను, ‘ఆయన ఎన్ని ఓడల్ని ముంచాడు మావయ్యా?’ అని అడుగుతుంటారు. కరాచీ మీద మిసైల్ బోట్లతో దాడి నడిపించిన కమాండర్ బబ్రూభాన్ యాదవ్ గారికీ అదే పతకం వచ్చింది, మనుషుల్ని కాపాడిన ముల్లా గారికీ అదే వచ్చింది. ఈ మాట చెప్పాక వాళ్లు కాసేపు ఏమీ అనరు. సెయిలర్‌గా పనిచేసినవాడిని కాబట్టి, నాకు ఆ లైఫ్ జాకెట్టే ముందు గుర్తొస్తుంది.

మీవాణ్ని అప్లై చేయనివ్వండి. ఈత మాత్రం ఇప్పుడే నేర్పించండి. గోపాల్‌పూర్ సముద్రంలో వద్దు, అక్కడ అలల లాగుడు ఎక్కువ. తెలిసినవాళ్లు పక్కనుండగా ఊరి చెరువులోనే మొదలుపెట్టించండి.