రెండో టీమ్‌లో చోటుకి ఏడాదికి తొమ్మిది వేల డాలర్లా?

ప్రశ్న: అక్కా, మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. బాబు 2014 అక్టోబర్‌లో పుట్టాడు, ఆరేళ్ళప్పట్నుంచి సాకర్ ఆడుతున్నాడు, ఎప్పుడూ టీమ్‌లో అందరికంటే చిన్నోడే. మొన్న మే నెలలో ఒక పెద్ద క్లబ్ ట్రైఔట్స్‌కి వెళ్తే రెండో టీమ్‌లో తీసుకున్నారు, 16 మంది పిల్లలు. ఫీజు 2,900 డాలర్లు, కిట్ 450, టీమ్ ఫీజు 600, బయట ఊళ్ళ టోర్నమెంట్లు నాలుగు. మావారు గంటకి 70 పెట్టి ప్రైవేట్ కోచింగ్ కూడా పెట్టిద్దాం అంటున్నారు. ఇంటికి పది నిమిషాల్లో ఇంకో చిన్న క్లబ్ ఉంది, 1,300, 13 మంది, కోచ్ స్కూల్ టీచర్. నాకింకా ఈఏడీ (ఉద్యోగం చేసుకునే అనుమతి) రాలేదు, ఒక్క జీతం మీద ఉన్నాం. ఆయనేమో "మా నాన్న నన్ను క్రికెట్ ఆడనివ్వలేదు, నా కొడుక్కి ఆ లోటు ఉండకూడదు, రేపు కాలేజీ స్కాలర్‌షిప్ వస్తే ఇదంతా ఎంత" అంటారు. 500 డిపాజిట్ కట్టేశాం, మిగతాది జులై 1 లోపు కట్టాలి. పాప కూచిపూడి క్లాస్ శనివారాలు ఇప్పటికే సగం పోతున్నాయి. మొన్న మా గొడవ విని బాబు "ఇదంతా నా వల్లేనా అమ్మా" అన్నాడు. నాకు నిద్ర పట్టట్లేదు.

జవాబు:

చెల్లీ, నీ ఉత్తరంలో నన్ను పట్టుకుంది డబ్బు లెక్క కాదు, బాబు అడిగిన ఆ మాట. దానికి జవాబు ఈ రోజే చెప్పండి, క్లబ్ సంగతి తేలేదాకా ఆగొద్దు. మీరిద్దరూ కలిసి వాడి పక్కన కూర్చుని, డబ్బు చూసుకోవడం మా పని, నువ్వు ఆడినా మానేసినా అందులో నీ తప్పేం లేదు అని చెప్పండి. నువ్వొక్కదానివే చెప్తే సగమే నమ్ముతాడు, నాన్న నోటివెంట కూడా రావాలి.

ఇక లెక్క. నువ్వు రాసినవి కాగితం మీద వేసి చూశాను. ఫీజు, కిట్, టీమ్ ఫీజు కలిపితే 3,950. హ్యూస్టన్, శాన్ ఆంటోనియో అట్లా నాలుగు ట్రిప్పులు, రెండేసి రాత్రులు హోటల్, గ్యాస్, నలుగురికీ బయట తిండి, ట్రిప్పుకి 550 వేసుకున్నా 2,200. చాలా టోర్నమెంట్లకి వాళ్ళు చెప్పిన హోటళ్ళలోనే రూమ్ తీసుకోవాలనే రూల్ ఉంటుంది కాబట్టి చవగ్గా చూసుకుందాం అన్నా కుదరదు. ప్రైవేట్ కోచింగ్ వారానికి ఒకటి చొప్పున నలభై వారాలు అంటే 2,800. మొత్తం 8,950 డాలర్లు. మీ ఆయన మనసులో బహుశా ఇంకా 2,900 అంకే ఉండి ఉంటుంది, ఆయన్ని తప్పు పట్టట్లేదు, క్లబ్ వాళ్ళు మొదట చెప్పేది ఎప్పుడూ ఆ అంకె ఒక్కటే. ఇద్దరూ కూర్చుని ఈ కూడిక ఒకసారి చేతితో రాసి చూడండి, నోటితో అనుకుంటే గొడవ అవుతుంది, కాగితం మీద ఉంటే ఇద్దరూ ఒకే వైపు కూర్చుని చూస్తారు.

కట్టేసిన 500 గురించి బాధ పడొద్దు. అది వెనక్కి రాకపోవచ్చు, దాన్ని కాపాడుకోవడానికి ఇంకో 8,450 పెట్టడం మాత్రం అర్థం లేని పని.

ఇప్పుడు నీకు తెలియకపోతే తప్పకుండా తెలియాల్సిన సంగతి ఒకటి. అమెరికాలో పిల్లల సాకర్ ఏజ్ గ్రూపులు ఈ 2026 ఫాల్ సీజన్ నుంచి మారుతున్నాయి. ఇన్నాళ్ళూ జనవరి నుంచి డిసెంబర్ దాకా పుట్టినవాళ్ళంతా ఒక గ్రూపు, అందుకే అక్టోబర్‌లో పుట్టిన మీవాడు జనవరి ఫిబ్రవరి పిల్లలతో, అంటే తనకంటే తొమ్మిది నెలలు పెద్దవాళ్ళతో ఆడుతూ వచ్చాడు. పదేళ్ళ వయసులో తొమ్మిది నెలలంటే చిన్న తేడా కాదు, ఎత్తు, భుజాల బలం, పరుగు అన్నీ తేడానే. 2026-27 సీజన్ నుంచి ఎక్కువ లీగుల్లో లెక్క ఆగస్టు 1 నుంచి మరుసటేడు జులై 31 దాకా. అంటే వాడు ఇంకో ఏడాది అండర్ 12 లోనే ఉంటాడు, పదకొండు మంది ఆడే పెద్ద మైదానానికి ఇప్పుడే వెళ్ళక్కర్లేదు, పైగా ఈసారి గ్రూపులో పెద్దపిల్లల్లో ఒకడు అవుతాడు. మీరు చేరబోయే లీగ్‌లో కూడా ఇదే లెక్కా అని క్లబ్ రిజిస్ట్రార్‌ని ఒక్క మాట అడుగు.

దీని వల్ల రెండు విషయాలు. ఇన్నేళ్ళూ "చిన్నగా ఉన్నాడు, బలం చాలదు" అని ఎవరైనా అని ఉంటే ఆ మాటని మరీ మనసుకి తీసుకోవద్దు. అట్లాగే వచ్చే ఏడాది వాడు ఒక్కసారిగా మెరిసిపోతే అది ఆ 8,950 మహిమ అనుకోవద్దు, సగం క్యాలెండర్ మహిమే. వాడి అసలు ఆట ఏంటో తెలియడానికి ఇంకా రెండు మూడేళ్ళు పడుతుంది, పదమూడు పధ్నాలుగు దగ్గర పిల్లల ఒళ్ళు ఎట్లా సాగుతుందో ఎవరం చెప్పగలం.

ఆడే టైమ్ లెక్క కూడా వేద్దాం. అండర్ 12 లో మామూలుగా మైదానంలో తొమ్మిది మంది, ఆట అరవై నిమిషాలు. 16 మందికీ సమానంగా పంచితే ఒక్కొక్కరికి 34 నిమిషాలు కూడా పూర్తిగా రావు. 13 మంది ఉంటే 41 దాటుతుంది. అందులోనూ పెద్ద క్లబ్బుల్లో సమానంగా పంచుతారనే గ్యారంటీ లేదు, కొన్నిచోట్ల మొదటి టీమ్‌లో ఆడే పిల్లల్ని ముఖ్యమైన మ్యాచ్‌కి కిందికి దించి ఆడిస్తారు, అప్పుడు రెండో టీమ్ వాళ్ళకి బెంచే. ఇంకోటి, కొంచెం కఠినంగా అనిపిస్తుంది గానీ చెప్పాలి, చాలా పెద్ద క్లబ్బుల్లో మైదానాల అద్దె, డైరెక్టర్ల జీతాలు, మొదటి టీమ్ హంగు అన్నీ నడిచేది రెండో మూడో టీమ్ తల్లిదండ్రుల ఫీజుతోనే. నిజంగా అసాధారణంగా ఆడే పిల్లల సంగతి వేరు, ఎమ్‌ఎల్‌ఎస్ (ఇక్కడి ప్రొఫెషనల్ సాకర్ లీగ్) జట్లు సొంతంగా నడుపుకునే పై అకాడమీ టీముల్లో చాలావాటికి అసలు ఫీజే ఉండదు.

స్కాలర్‌షిప్ మాట. మీ ఆయనకి ఈ అంకెలు చూపించు, వాదనగా కాకుండా సమాచారంగా. 2025 దాకా ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంఘం) పై స్థాయి అయిన డివిజన్ 1 లో మగపిల్లల సాకర్‌కి ఒక కాలేజీ ఇవ్వగలిగేది 9.9 స్కాలర్‌షిప్పులు, వాటినే పాతిక ముప్పై మంది టీమ్‌కి ముక్కలు చేసి పంచేవాళ్ళు. దేశం మొత్తంలో డివిజన్ 1 మగపిల్లల టీములు ఉన్నవి రెండు వందల చిల్లర. డివిజన్ 3 కాలేజీలు ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వవు. 2025 లో కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత అందులో చేరిన కాలేజీలకి ఆ పరిమితి పోయి, టీమ్‌లో 28 మంది అనే పరిమితి వచ్చింది, కానీ ఆ 28 మందికీ డబ్బు ఇచ్చి తీరాలని ఏమీ లేదు. ఏడేళ్ళ పాటు ఏడాదికి తొమ్మిది వేలు పక్కన పెడితే అరవై వేలు దాటుతుంది. ఆ డబ్బు కాలేజీ అకౌంట్లో వేసుకుంటే ఆ స్కాలర్‌షిప్ ఏదో మీరే వాడికి ఇచ్చినట్టు.

పెద్ద క్లబ్ జెర్సీ మీద ఏ లీగ్ అక్షరాలు ఉన్నాయని కూడా మీ ఆయన చూస్తుండొచ్చు. 2007 నుంచి యూఎస్ సాకర్ (దేశ సాకర్ సమాఖ్య) నడిపిన డెవలప్‌మెంట్ అకాడమీ అంటే ఒకప్పుడు అందరికీ అదే శిఖరం, 2020 ఏప్రిల్‌లో అది ఉన్నట్టుండి మూతపడింది. ఆ ఏడాదే చాలా క్లబ్బులు ఎమ్‌ఎల్‌ఎస్ నెక్స్ట్ అనీ ఈసీఎన్‌ఎల్ అనీ వేరే లీగుల అక్షరాలు కుట్టించుకున్నాయి, కోచ్‌లు చాలా చోట్ల వాళ్ళే, మైదానాలు అవే. ఇప్పుడు పక్కనే ఆర్లింగ్టన్‌లో వరల్డ్ కప్ మ్యాచులు తొమ్మిది, ఊరంతా ఆ ఊపులోనే ఉంది, ఈ ఊపులో సంతకం పెట్టడం తేలిక.

మరి దేన్ని చూడాలి అంటావా? జులై 1 లోపు రెండు క్లబ్బుల ప్రాక్టీసూ ఒక్కోసారి చూసి రండి, ఇద్దరూ కలిసి, దూరంగా కూర్చుని. ఆటలో కాదు ప్రాక్టీస్‌లో చూడాలి. పిల్లలు లైన్లో నిలబడి వంతు కోసం ఎదురుచూస్తున్నారా, ఎక్కువసేపు బంతి కాళ్ళ దగ్గరే ఉందా? అందరికంటే బలహీనంగా ఆడే పిల్లాణ్ణి ఒకణ్ణి ఎంచుకుని పది నిమిషాలు వాణ్ణే చూడండి, కోచ్ వాడితో ఎన్నిసార్లు మాట్లాడాడు, పేరు పెట్టి పిలిచాడా, వాడు తప్పు పాస్ ఇచ్చినప్పుడు ఏమన్నాడు. మీ బాబుకి దక్కబోయేది అదే. ట్రైఔట్‌లో నవ్వుతూ కనిపించిన కోచే సీజన్‌లో ఉంటాడని అనుకోవద్దు, రెండో టీమ్ కోచ్ ఎవరో, ఒకే సాయంత్రం ఎన్ని టీములు చూస్తాడో, యూఎస్ సాకర్ లైసెన్స్ ఏ స్థాయిదో, సేఫ్‌స్పోర్ట్ (ఆటల్లో పిల్లల రక్షణ) ట్రైనింగ్ అయిందో ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో వద్దు, రాతపూర్వకంగా జవాబు ఉండాలి.

అదే ఈమెయిల్‌లో ఇంకో మాట, మధ్యలో దెబ్బ తగిలినా, ఉద్యోగం పోయినా, ఊరు మారినా మిగతా వాయిదాలు కట్టాలా అని. మీలాంటి కుటుంబాలకి ఇది చాలా ముఖ్యం తల్లీ, హెచ్1బీ మీద ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే అరవై రోజులు, అప్పుడు క్లబ్ కాంట్రాక్ట్ గురించి పోట్లాడే ఓపిక ఎవరికి ఉంటుంది. ఫీజు తగ్గింపు ఫారం ఉందా అని కూడా అడగండి, చాలా క్లబ్బుల్లో ఉంటుంది, మనవాళ్ళు నామోషీ అనుకుని అడగరు.

నన్ను అడిగితే ఈ ఏడాదికి ఆ చిన్న క్లబ్బే. ప్రాక్టీస్ చూసొచ్చాక ఆ టీచర్ కోచ్ బాగోలేదనిపిస్తే అప్పుడు వేరే సంగతి, అప్పుడు కూడా ప్రైవేట్ కోచింగ్ మాత్రం వద్దు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం పదిహేను పదహారేళ్ళ దాకా ఒక్క ఆటకే కట్టేయొద్దనీ, వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాదిలో మొత్తం మూడు నెలలు ఆ ఆటకి విరామం ఇవ్వాలనీ చెప్తుంది. పదకొండేళ్ళ మోకాళ్ళు, మడమలు ఇంకా ఎదుగుతున్నవి.

ఇక మీ ఆయన. ఆయన మాటల్లో నాకు పట్టుదల కంటే దిగులు ఎక్కువ వినిపించింది. క్రికెట్ ఆడనివ్వని తండ్రి మీద ఉన్న బాధ ఇన్నేళ్ళ తర్వాత ఈ రూపంలో బయటికి వస్తోంది, ఆ బాధని డబ్బు లెక్కతో కొట్టేస్తే ఆయనకి మళ్ళీ వాళ్ళ నాన్నే ఎదురుగా నిలబడి వద్దు అన్నట్టు ఉంటుంది. పిల్లలు పడుకున్నాక ఒక రాత్రి క్లబ్ ఊసెత్తకుండా ఆ రోజుల గురించి అడుగు, ఎక్కడ ఆడేవారు, ఎవరెవరు ఉండేవారు, ఆ రోజు నాన్న ఏమన్నారు అని. మధ్యలో ఆపకుండా విను. ఇంకోటి కూడా అడుగు, ఆదివారం ఉదయాలు ఇక్కడ మనవాళ్ళ క్రికెట్ లీగుల్లో మీరే ఎందుకు ఆడకూడదు అని. నవ్వులాటకి అనట్లేదు. తన ఆట తనకి దొరికితే కొడుకు ఆట మీద అంత బరువు పెట్టరు.

మా పెద్దాడు న్యూజెర్సీలో క్లబ్ సాకర్ ఆడిన రోజుల్లో నేనూ పేరు చూసే చేర్పించాను, ఆ పేరు ఇప్పుడు అనవసరం. రెండు సీజన్లు సగం బెంచ్ మీద కూర్చున్నాడు. ఇంటికి వచ్చేదాకా కారులో మేమిద్దరం వాడి తప్పులు మాట్లాడుకునేవాళ్ళం, వాడి మేలు కోసమే అనుకుని. వాడు కాలేజీకి వెళ్ళాక ఒకరోజు చెప్పాడు, బెంచ్ కంటే కారెక్కడమే భయంగా ఉండేదని. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అందుకే అడుగుతున్నా, మీ కారులో ఆట మాట వాడు ఎత్తితేనే ఎత్తండి. లేదంటే ఏం తిందాం అని అడగండి చాలు.

వాణ్ణి కూడా అడగాలి, కానీ ఏ క్లబ్ కావాలి అని కాదు, నాన్న ముఖం చూసి చెప్తాడు. ఏ రోజు ప్రాక్టీస్ అంటే ఉత్సాహంగా ఉంటుంది, టీమ్‌లో ఎవరితో ఆడటం ఇష్టం, ఎప్పుడు కడుపులో ఎట్లాగో ఉంటుంది, ఇవి అడుగు. గ్రూపులు మారడం వల్ల వాడి పాత స్నేహితులు కొందరు వేరే టీముల్లోకి వెళ్ళి ఉండొచ్చు, ఆ దిగులు కూడా వాడిలో ఉందేమో చూడు.

పాప సంగతి ఒక్క లైన్‌లో రాసి వదిలేశావు. ఆ చిన్నది వారం వారం మైదానం పక్కన మడత కుర్చీలో కూర్చుని అన్నయ్య ఆట చూస్తోంది, తన క్లాస్ మానుకుని. ఏ క్లబ్ అయినా సరే, కూచిపూడి క్లాస్ ఉన్న శనివారం ఒకరు బాబుతో వెళ్ళండి, ఒకరు పాపతో వెళ్ళండి, వంతులు మార్చుకోండి. ఇది జులై 1 దాకా ఆగాల్సిన పని కాదు, వచ్చే శనివారమే మొదలుపెట్టొచ్చు. ప్రాక్టీసులు చూసొచ్చాక ఏం కనిపించిందో నాకు రాయి.